ముగ్గుపిండి, ఒండ్రుమట్టి, ముంజకాయ బండి

ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లలో ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఎక్కువమంది. పండగొస్తే తోరణాలు కడుతున్నాం, వేషాలు వేయిస్తున్నాం, ఫొటోలు తీస్తున్నాం, కానీ పిల్లల చేతికి పనేమీ ఉండటం లేదని వాళ్ల బాధ. ఆ బాధ న్యాయమైనదే. నాలుగైదేళ్ల వయసులో చదువు ముందు చేతికి వస్తుంది, తర్వాతే నోటికి. అందుకే ఈసారి జవాబుల్లో చేతిపనులే ఎక్కువ ఉన్నాయి.

ప్ర: సంక్రాంతి సెలవులకు ముందు మా బడిలో వారం రోజులు సంబరాలు చేస్తాం. కిందటేడు ముగ్గులు టీచర్లమే వేశాం, పిల్లలు పక్కన నిలబడ్డారు. ఈసారి వాళ్లచేతే వేయించాలని ఉందండి. యూకేజీలో 28 మంది ఉన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– ప్రీప్రైమరీ టీచర్, రావులపాలెం

జ: పిండితో మొదలుపెట్టకండి, ఇసుకతో మొదలుపెట్టండి. అంచు ఉన్న పళ్లెం ఒకటి తీసుకోండి, అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉంటే చాలు. జల్లించి కడిగి ఎండబెట్టిన ఇసుక అందులో సెంటీమీటరు మందాన పరవండి. పళ్లేనికి సుమారు రెండు కిలోలు పడుతుంది. అంతకన్నా మందంగా పోస్తే వేలితో గీసిన గీత పక్కనుంచి జారి పూడుకుపోతుంది. గీసింది కనబడకపోతే పిల్లలకు విసుగు. మరీ పల్చగా ఉంటే వేలు అడుగుకు తగిలి గీరుకుంటుంది. ఏడు పళ్లేలుంటే నలుగురికొకటి చొప్పున మీ 28 మందికీ సరిపోతాయి.

ఏ ముగ్గు ఇవ్వాలన్నదాంట్లోనే చాలామంది పొరబడతారు. పిల్లలు సాధారణంగా మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం, ఐదేళ్లకు త్రిభుజం చూసి గీయగలుగుతారు. ఏటవాలు గీతలతో మూసుకునే డైమండ్ ఆకారం ఆరు దాటాకగానీ చేతికి రాదు. మన చుక్కల ముగ్గుల్లో ముప్పాతిక భాగం ఆ ఆకారమే! అందుకే పిల్ల మొదటి రోజే చేతులెత్తేస్తుంది. మూడు చుక్కలు, మూడు వరసలు పెట్టి, చుక్కలను అడ్డంగా నిలువుగా కలిపే గళ్ల ముగ్గు ఇవ్వండి. చుక్కకూ చుక్కకూ మధ్య బెత్తెడు దూరం ఉండాలి. మూడో రోజుకు గాని మెలికల జోలికి వెళ్లొద్దు. మెలిక ముగ్గుకు నేలమీద చుక్కల చోట సీసా మూతలు పెట్టి, కొబ్బరి తాడును వాటి చుట్టూ తిప్పించండి. తాడు ఏ చుక్కకు ఎటువైపు నుంచి వెళ్లిందో పిల్లలు దాని వెంట నడిచి చూస్తారు. అలా నడిచిన పిల్లలకు తర్వాత గీత తేలిగ్గా వస్తుంది.

ఇక పిండి. బజార్లో ముగ్గుపిండి పేరుతో అమ్మేది చాలావరకు రాతి పొడి, కళ్లలో పడితే మంట. బియ్యప్పిండే వాడండి. ఉత్త పిండి పిల్లల చెమట చేతికి ముద్దకడుతుంది, వేళ్ల సందునుంచి జారదు. సగం పిండి, సగం బియ్యపు రవ్వ కలిపితే ధార సాఫీగా వస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకునే ఆ పట్టే రేపు పెన్సిలు పట్టు. కాపీ పుస్తకాల్లో రుద్దించే బదులు వారంపాటు పిండి పట్టిస్తే వేళ్లకు అంతకన్నా ఎక్కువ పని దొరుకుతుంది. రంగులకు పసుపు చాలు.

భోగిపళ్లను లెక్కల పాఠం చేసుకోవచ్చు. రేగుపళ్లు, బంతిపూల రెక్కలు, చెరకు ముక్కలు ఒకే గంపలో కలిపి పోసి, అరటి దొప్పల్లోకి వేరు చేయించండి. తర్వాత రేగుపళ్లనే ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి అని వేరు చేయమనండి. సగం పండినవి ఎందులో వెయ్యాలని గొడవ వస్తుంది. రానివ్వండి, ఆ వాదనే పాఠం. రేగుపండును గింజతో నోట్లో పెట్టనివ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటుంది. గుజ్జు మీరే తీసి ఇవ్వండి. నానబెట్టిన శనగలు ముక్కులో దూర్చుకునే వయసిది, అవి తరగతికి వద్దు. చిల్లర మీ చేతిలోనే లెక్కబెట్టి చూపించి, డబ్బాలో వేసెయ్యండి.

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు ఊరేగింపుగా తెచ్చే ప్రభల్ని (విల్లులా వంచి రంగుగుడ్డలు చుట్టిన ఎత్తైన చట్రాలు) మీ పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. ఏకాదశ రుద్రుల పేర పదకొండు ప్రభలు చేరతాయి కాబట్టి యూకేజీకి 11 అంకె చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం లేదు. అట్టమీద కొబ్బరి ఈనెను విల్లులా వంచి రెండు కొసలూ అతికించి, ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు అంటూ గుడ్డ పీలికలు వరసగా అంటింపజేయండి. ఎరుపు పక్కన మళ్లీ ఎరుపు వచ్చినచోట ఏదో తప్పిందని పిల్లలే కనిపెడతారు. నిలబెట్టేటప్పుడు అడుగున ఇటుకంత వెడల్పు పీట లేకపోతే ముందుకు పడిపోతుంది. ఒకసారి పడనిచ్చి, ఎందుకు పడిందో అడగండి.

ఒక వరికంకుల కుచ్చు వరండాలో కట్టండి. పిచ్చుకలు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. పిల్లలు గోల చేసే చోటికి కాకుండా కిటికీలోంచి కనబడే చోట కట్టాలి.

ప్ర: వినాయక చవితికి పిల్లలతో మట్టి బొమ్మలు చేయిస్తే రెండో రోజుకే బీటలు తీస్తున్నాయి, తొండాలు ఊడిపోతున్నాయి. తల్లిదండ్రులు అచ్చు బొమ్మలు కొనేయమంటున్నారు. ఏం చెయ్యాలండి?
– ఎల్‌కేజీ టీచర్, పాలకొల్లు

జ: కొనొద్దు. తప్పు మట్టిలోనూ ఎండబెట్టడంలోనూ ఉంది, పిల్లల చేతుల్లో లేదు.

కుమ్మరి దగ్గర శుభ్రం చేసిన మట్టి దొరికితే తెచ్చుకోండి, సగం పని తప్పుతుంది. కాలువ ఒండ్రు తెచ్చుకుంటే దాన్ని ఎండబెట్టి, దంచి, రాత్రంతా బక్కెట్లో నానబెట్టండి. పొద్దున బాగా కలిపి పాత దోమతెరలోంచి వడకడితే వేళ్లు, నత్తగుల్లలు, గాజుపెంకులు పైన ఉండిపోతాయి. మట్టి అడుగుకు దిగాక పైనీళ్లు వంచేసి, ముద్దను గోనెసంచి మీద ఆరనివ్వండి. చేతికి అంటుకోవడం మానేసిందంటే పదునుకొచ్చినట్టు. వేలంత లావున పాములా చేసి బొటనవేలికి చుట్టి చూడండి. చుట్టగానే పగిలితే నీళ్లు చాలలేదు, లేదా ఇసుక ఎక్కువైంది. వేలికి అంటుకుంటే ఇంకా ఆరాలి. ఉత్త ఒండ్రు ఆరేటప్పుడు బాగా ముడుచుకుపోతుంది కాబట్టి, ఐదు పాళ్ల మట్టికి ఒక పాలు సన్నిసుక, గుప్పెడు కొబ్బరి పొట్టు కలపండి. పొట్టు లోపల పట్టి ఉంచుతుంది.

పిల్లకు పావుకిలో మట్టి చాలు. ముప్పైమందికి ఏడున్నర కిలోలు అవుతుంది, తొమ్మిది కిలోలు సిద్ధం చేసుకోండి. పెద్ద బొమ్మ ముద్దుగా ఉంటుందని అరకిలో ఇస్తే అక్కడే బీటలు మొదలవుతాయి. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడిగా ఉబ్బి ఉంటుంది, దాంతో పైపొర చీలుతుంది. నాలుగేళ్ల పిల్లలకు ఉండ చేయడం, పాము చేయడం వచ్చు. పొట్టకు పెద్ద ఉండ, తలకు నిమ్మకాయంత ఉండ, చెవులకు రెండు ఉండలు నొక్కి చేసిన బిళ్లలు, తొండానికి ఒక పాము, అంతే వినాయకుడు. నాలుగు వేళ్ల ఎత్తుకు మించకూడదు.

తొండాలు ఊడుతున్నాయంటే ఉత్తినే తెచ్చి అంటిస్తున్నారన్నమాట. అతికే రెండు చోట్లా ఈనెతో గళ్లు గీరి, పెరుగంత చిక్కటి బురద రాసి, అప్పుడు నొక్కాలి. ఈ గీరే పని పిల్లలకు మహా ఇష్టం. అయ్యాక మొదటి రోజు తడిగుడ్డ కప్పి ఉంచండి, తర్వాత నీడలో ఆరనివ్వండి, రోజుకోసారి తిప్పండి. ఎండలో పెట్టారో మళ్లీ అదే బీట. భాద్రపదంలో మన గాలిలో చెమ్మ ఎక్కువ, ఆరడానికి ఐదారు రోజులు పడుతుంది. కాబట్టి చవితికి ఎనిమిది రోజుల ముందే మొదలుపెట్టండి.

కళ్లకు గురివింద గింజలు మాత్రం పెట్టకండి. ఇళ్లలో ఆనవాయితీగా పెడతారు, చూడటానికి అందంగానే ఉంటాయి, కానీ ఆ గింజ కొరికి మింగితే ప్రాణం మీదికి తెచ్చే విషం. ఈనె కొసతో చిన్న గుంట పెట్టించండి, కన్ను అదే అవుతుంది. పత్రి విషయంలోనూ ఇంతే జాగ్రత్త ఉండాలి. ఇరవయ్యొక్క పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. మూడూ విషపు మొక్కలే, ఇంటి పూజలో పెద్దల చేతిలో ఉండనివ్వండి. తరగతికి మామిడి, తులసి, మరువం, గరిక, రావి, దానిమ్మ, ముళ్లు తీసిన మారేడు తెచ్చుకోండి. కళ్లు మూసుకుని వాసన చూసి తులసి ఏదో మరువం ఏదో చెప్పడం, మారేడు రెమ్మకు ఎన్ని ఆకులున్నాయో లెక్కబెట్టడం, రావి ఆకు వెనుకవైపు పైకి పెట్టి మీద కాగితం పరిచి క్రేయాన్ పక్కవాటుగా రుద్ది ఈనెలు అచ్చు తీయడం... ఒక పూటకు ఇవి చాలు.

నిమజ్జనం రోజున రెండు గాజు గిన్నెల్లో నీళ్లు పెట్టండి. ఒకదాంట్లో బాగా ఆరిన బొమ్మను, ఇంకోదాంట్లో అప్పుడే చేసిన తడి మట్టి ఉండను వెయ్యండి. తడి ఉండే ముందు కరుగుతుందని పిల్లలందరూ అంటారు. ఎండిన బొమ్మనుంచి బుడగలు లేస్తాయి, అంచులు పొరలు పొరలుగా రాలతాయి, కాసేపట్లో కుప్పకూలుతుంది. తడి ఉండ మాత్రం అలాగే కూర్చునుంటుంది. ఎండిన మట్టి సందుల్లోకి నీళ్లు జొరబడి లోపలి గాలిని తోసేస్తాయి, మట్టి ఉబ్బి విడిపోతుంది. తడి మట్టిలో ఆ సందులు ముందే నీళ్లతో నిండి ఉంటాయి. కారణమంతా చెప్పనక్కర్లేదు, ఆ బుడగల్ని చూడనిస్తే చాలు. ఆ నీళ్లు తరగతి మొక్కలకు పోయండి.

ప్ర: మాది గోదారి పాయల నడుమ ఉన్న లంక గ్రామం. శ్రావణం వచ్చేసరికి గోదారి పొంగుతుంది, పిల్లలు ఇళ్లలో "రెండో ప్రమాద హెచ్చరిక" అన్నమాట విని భయపడి వస్తారు. వాళ్లకు వాన గురించి, వరద గురించి ఎలా చెప్పాలి?
– అంగన్‌వాడీ కార్యకర్త, పి.గన్నవరం మండలం

జ: ఆ మాటకు అర్థం కళ్లకు కనబడితే భయం కొంత తగ్గుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. పారదర్శకమైన ప్లాస్టిక్ టబ్బుకు బయట మూడు రంగు టేపులు అంటించండి: కింద పసుపు, మధ్యలో నారింజ, పైన ఎరుపు. మొదటి రెండు టేపుల మధ్య ఎడం తక్కువ, రెండో మూడో వాటి మధ్య ఎక్కువ ఉంచండి, అసలు అంకెల్లోనూ అంతే. లోపల మట్టితో ఒక లంక కట్టి, దానిమీద అగ్గిపెట్టె ఇళ్లు పెట్టండి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో గ్లాసు నీళ్లు పోస్తారు. పసుపు గీతకు చేరగానే "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడగండి. ఆవును గట్టు మీదికి తోలాలి, పుస్తకాలు అటక మీద పెట్టాలి అని వాళ్లే చెబుతారు. నారింజకు చేరేసరికి పడవ ఎక్కాలి. చివర ఒక గొట్టంతో నీళ్లు తీసేసి వరద తగ్గడం కూడా తప్పకుండా చూపించండి. చాలామంది ఆ చివరి భాగం వదిలేస్తారు, పిల్లల మనసులో వరద పెరిగినచోటే ఆగిపోతుంది.

వరద వెళ్లాక పిల్లలు వారాల తరబడి ఇళ్లు ముంచే ఆటే ఆడుతుంటే ఆపకండి. భయం అలాగే బయటికి వస్తుంది. నిద్రలేమి, పక్క తడపడం నెల దాటినా తగ్గకపోతే మాత్రం వైద్యులకు చూపించమని తల్లికి చెప్పండి.

వాన కొలవడానికి, ఒకే వెడల్పున్న సీసా పైభాగం కోసి గరాటులా తిరగేసి పెట్టండి, అంచుకు టేపు చుట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. మిల్లీమీటర్లు పిల్లలకు అర్థం కావు. రోజూ పొద్దున సున్నా గీతనుంచి నీటి ఎత్తుకు సమానంగా నీలం కాగితం పీలిక కత్తిరించి గోడమీద వరసగా అంటించండి. పది రోజులకు ఏ రోజు పెద్దవాన పడిందో దూరంనుంచే చెబుతారు. సీసాను చెట్టుకిందా చూరుకిందా పెట్టొద్దు. నీటి ఆటలు ఏవైనా టబ్బులోనే, పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండగానే. జానెడు నీళ్లలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు. ఆట అవగానే టబ్బు బోర్లించెయ్యండి, కాలువ గట్టుకు మాత్రం తీసుకెళ్లొద్దు.

ప్ర: పండగల పేరుతో రోజూ ఆటలే, ఏబీసీడీలు వెనకబడుతున్నాయని తల్లిదండ్రులు అంటున్నారు. ఏం చెప్పాలి?
– స్కూల్ నిర్వాహకురాలు, తణుకు

జ: 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆట ద్వారా నేర్చుకోవడాన్నే ప్రధానంగా పెట్టింది. అయితే ఈ మాట కన్నా, గోడమీది నీలం పీలికల్ని చూపించి "మీ బాబు రెండు ఎత్తుల్ని పోల్చాడు, పది దాకా లెక్కపెట్టాడు" అని చెబితే ఎక్కువ పనిచేస్తుంది. నెలకోసారి పిల్లలు చేసినవి అలాగే, మీరు దిద్దకుండా, ఇంటికి పంపండి.

ప్ర: జూన్‌లో బడి తెరవగానే మొదటి నెల ఏం చేయించవచ్చు?
– టీచర్, భీమవరం

జ: ఊరంతా ఆకుమడులు పోస్తున్న నెల అది, మీరూ ఒకటి పొయ్యండి. రైతు ఇంటినుంచి గుప్పెడు ధాన్యం తెచ్చుకోండి. కొట్లో కొన్న విత్తనానికి తెగులు మందు పట్టించి ఉంటుంది, రంగు అంటుతుంది, అది పిల్లల చేతికివ్వకూడదు. ఒక రోజంతా నానబెట్టి, తడి గోనెలో మూటగట్టి, మరో రోజు, రోజున్నర మండె కడితే తెల్లటి మొలకలు కనబడతాయి. పక్కనే ఇంకో గుడ్డలో గుప్పెడు బియ్యం కూడా అలాగే కట్టండి. బియ్యం మొలవదు, పులిసి వాసనొస్తుంది. మరపట్టినప్పుడు మొలక వచ్చే ముక్క తవుడుతో పోతుందన్న సంగతి పిల్లలు ముక్కుతోనే తెలుసుకుంటారు.

పళ్లెంలో బురద పరిచి మొలకలు చల్లండి. బురద తడిగా ఉంటే చాలు, మొదటి వారం నీళ్లు నిలవగడితే కుళ్లిపోతాయి. దాళ్వాలో (రబీ పంటలో) అప్పుడే కోసిన ధాన్యమైతే కొన్ని రకాలు మొలవవు, వాటికి కొన్ని వారాల నిద్ర ఉంటుంది. పాత ధాన్యం అడగండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉంటుంది. ఇరవై, పాతిక రోజులకు జానెడు నారు వస్తుంది. దాన్ని బక్కెట్ల బురదలో పిల్లలచేత ఊడ్పించండి, వెనక్కి వెనక్కి నడుస్తూ.

ప్ర: మా తరగతిలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింల పిల్లలు కలిసి ఉన్నారు. క్రిస్మస్, రంజాన్‌లకు ఏం చేయించవచ్చు?
– టీచర్, నర్సాపురం

జ: క్రిస్మస్‌కు నక్షత్రం. ఐదు కొసల నక్షత్రాన్ని కత్తిరించడం ఈ వయసుకు చేతకాదు, కాబట్టి జానెడు ఈనెలు ఐదు తీసుకుని కొసలు మీరు దారంతో కట్టి ఇవ్వండి. రంగు దారం చుట్టడం, పల్చటి కాగితం అంటించడం పిల్లల వంతు. రంజాన్‌కు నెలవంక. సూర్యుడు అస్తమించిన కాసేపటికి పడమట కనబడుతుంది. అక్కణ్ణుంచి పున్నమిదాకా రోజూ రాత్రి ఇంట్లో చూసి, పొద్దున తరగతిలో ఒక గుండ్రటి కాగితంలో ఎంత వెలుగుందో అంతమేర పసుపు వెయ్యమనండి. మబ్బు పట్టిన రోజు ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు. ఏ పిల్లనీ నిలబెట్టి "మీ పండగ గురించి చెప్పు" అనకండి. ఇష్టపడితే ఆ ఇంటి అమ్మనో నానమ్మనో పిలిపించండి.

ప్ర: ఉగాది పచ్చడి తినిపిస్తే సగం మంది ఉమ్మేస్తున్నారండి.
– టీచర్, అమలాపురం

జ: కలిపి పెడితే ఉమ్మేస్తారు మరి. ముందు విడివిడిగా రుచి చూపించండి, ఒక్కోటి కందిగింజంత. బెల్లం, ఉప్పు, కొత్త చింతపండు, పచ్చి జామ ముక్క, వేపపువ్వు రెండు రేకులు, ఆఖర్న మళ్లీ బెల్లం. మధ్యలో గుక్కెడు నీళ్లు. వగరును పులుపునుంచి వేరు చేయడం పిల్లలకు కష్టం, పచ్చి మామిడిలో రెండూ కలిసి ఉంటాయి. జామలో వగరు ఒక్కటే ముందుకొస్తుంది, అందుకే జామ చెప్పాం. కారానికి మిరపకాయ వద్దు, చేతులు కళ్లలో పెట్టుకుంటారు. బెల్లం నీళ్లలో చిటికెడు మిరియాల పొడి చాలు. మొహాలు ఎలా పెట్టారో అద్దంలో చూపించి, ఆ మొహం గీయమనండి. వద్దన్న పిల్లకు బలవంతంగా పెట్టొద్దు. పచ్చడి ఆ తర్వాత, వాళ్లే పాళ్లు చెప్పి కలిపాక. బెల్లం ఎక్కువే వేస్తారు, వెయ్యనివ్వండి.

ప్ర: వేసవి సెలవులకు మా పాపకు 60 పేజీల వర్క్‌షీట్లు ఇచ్చారు. ఐదేళ్లు. రోజూ ఏడుపే. మానేస్తే వెనకబడుతుందా?
– ఒక తల్లి, రాజోలు

జ: వెనకబడదమ్మా. ఆ షీట్లలో ఐదో ఆరో తను కోరి చేసేవి ఉంటే చేయనివ్వండి, మిగతావి వదిలెయ్యండి. వేసవిలో మీ పెరట్లో అంతకన్నా మంచి సామగ్రి ఉంది.

ముంజలు తిన్నాక కాయలు పారెయ్యొద్దు. రెండు కాయలు తీసుకుని నడిమధ్యన కత్తిమొనతో మీరే తూట్లు పెట్టండి. జానెడున్నర పుల్లను ఇరుసులా రెండింటికీ గుచ్చండి. కొసన పంగ ఉన్న పొడుగాటి కర్రతో ఇరుసును తోస్తే బండి పరుగెడుతుంది. ముందుగా కావాలనే ఒక పెద్ద కాయ, ఒక చిన్న కాయ ఇచ్చి చూడండి. బండి తిన్నగా పోదు, చిన్న కాయ వైపుకే తిరుగుతుంటుంది. ఎందుకని అడగండి, జవాబు చెప్పకండి. ఒకే సైజు కాయలు వెతికి తెచ్చుకునేదాకా వాళ్లకు అదే ధ్యాస. మూడు నాలుగు రోజులకు కాయలు ఎండి తూటు వదులై చక్రం జారిపోతుంది, అప్పుడు ఇరుసు కొసలకు కొబ్బరి పీచు చుట్టమనండి.

కొబ్బరాకు ఒకటి తీసి, ఈనె తీసేసిన రేకుతో బూర చుట్టడం నేర్పండి. సన్నటి చుట్టుతో మొదలుపెట్టి ఒకదానిమీద ఒకటి సగం ఎక్కేలా వెడల్పు చేసుకుంటూ పోవాలి, చివర ఈనె ముక్క గుచ్చాలి. ఊదితే పలకడం లేదంటే చుట్ల మధ్య గాలి పోతోందని అర్థం, విప్పి బిగించి చుట్టాలి. ఎండిన ఆకు పగిలిపోతుంది, పచ్చిదే కావాలి.

మామిడికాయలు, సపోటాలు బరువుల ప్రకారం వరస పెట్టడం, తిన్న ప్రతి పండు గింజా కడిగి ఆరబెట్టి అట్టమీద అంటించడం కూడా చేయవచ్చు. కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో పిల్లల చూపు చెరువులవైపు, కాలువలో మిగిలిన మడుగులవైపు పోతుంది. పెద్దవాళ్ల తోడు లేకుండా అటు పంపకండి. బడి తెరిచాక ఆ గింజల అట్టను, ముంజకాయ బండిని టీచరు చేతికివ్వండి. వర్క్‌షీట్లు అడిగితే చెయ్యలేదని చెప్పెయ్యండి.